రాయి ఎలా అరుగుతుంది, మట్టి ఎటు పోతుంది?

ఈ నెల ఉత్తరాల్లో చాలావరకు ఒకే పాఠం గురించి వచ్చాయి. రాళ్లు శిథిలం కావడం, నేల కోతకు గురికావడం పిల్లలకు చేతులతో చేయించి ఎలా నేర్పాలి అని. కర్నూలు, నంద్యాల వైపు ఉన్నత పాఠశాలల్లో సోషల్ చెప్పి రిటైరైన నాకు ఇది ప్రాణమైన పాఠం. అందుకే ఈసారి శీర్షిక అంతా దీనికే ఇస్తున్నాను.

ప్రశ్న: టీచర్ గారూ, నేను ఏడో తరగతికి సోషల్ చెబుతాను. శైథిల్యం, క్రమక్షయం రెండింటికీ నిర్వచనాలు పిల్లలు గడగడా అప్పజెబుతారు. ప్రశ్న కాస్త తిప్పి అడిగితే ఒకదాని బదులు ఇంకోటి రాస్తారు. మా బడిలో ప్రయోగశాల లేదు. ఏం చేయించమంటారు?
— ఒక ఉపాధ్యాయిని, పత్తికొండ

జవాబు: నిర్వచనాలు కొన్నాళ్లు పక్కన పెట్టండమ్మా. పిల్లలకు రెండే ప్రశ్నలివ్వండి. ఏం విడిపోయింది? విడిపోయింది ఎటు పోయింది? రాయి ఉన్నచోటే ఉండి పగిలినా, పొరలు ఊడినా, మెత్తబడినా శైథిల్యం. ఆ ముక్కనో పొడినో నీరో గాలో అలో మోసుకుపోతే క్రమక్షయం. మోసుకుపోయింది ఎక్కడో ఒకచోట ఆగుతుంది కదా, అది నిక్షేపణ. పుస్తకంలో ఇవి మూడు వేర్వేరు పేరాల్లో ఉంటాయి. పిల్లల చేతిలో మాత్రం ఒకే ఇటుక ముక్కతో మూడూ జరగాలి.

ఇల్లు కడుతున్న చోట విరిగిన ఇటుకలు దొరుకుతాయి. ఉసిరికాయంత ముక్కలు, అంచులు పదునుగా ఉన్నవి ఏరించండి. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో వేసి, సగానికి నీళ్లు పోసి, మూత బిగించి పిల్లల చేత వంతులవారీగా ఊపించండి. రెండు ముక్కలు మాత్రం డబ్బాలో వేయకుండా బల్ల మీద ఉంచాలి. అవి లేకపోతే ముందెలా ఉండేవో ఎవరికీ గుర్తుండదు. కాసేపటికి నీళ్లు ఎర్రబడతాయి. ముక్కలు తీసి బల్ల మీద ఉన్నవాటి పక్కన పెడితే మూలలు నున్నబడ్డాయని వేలితో తడిమితేనే తెలుస్తుంది. తొక్కుడుబిళ్ల ఆడే ఆడపిల్లలకు ఇది వేరే చెప్పక్కర్లేదు, పెంకు ముక్కను అరుగు మీద రుద్ది గుండ్రంగా చేసుకునేది వాళ్లే కదా. ఇంతవరకు మొదటి ప్రశ్న. ఇప్పుడు ఆ ఎర్రనీళ్లను కాస్త వాల్చి పట్టుకున్న పెద్ద పళ్లెం మీదుగా నెమ్మదిగా పోయించండి. బరువైన రవ్వ ముందు ఆగుతుంది, మెత్తటి పొడి కిందిదాకా పోతుంది. ఆ ఆగిన చోట వేలు పెట్టించి "ఇది ఇక్కడికి ఎలా వచ్చింది?" అని అడగండి. జవాబు వాళ్ల నోటి నుంచే రావాలి. మీరు ముందు చెప్పేస్తే ప్రయోగం అక్కడితో ఆగిపోతుంది.

రెండో ప్రయోగానికి ఖాళీ నీళ్ల సీసాలు మూడు కావాలి. 2 లీటర్లవి అయితే మంచిది. ఒక్కో సీసాను పడుకోబెట్టి పైభాగం కిటికీలా కోయండి. (కోసే పని మీదే, పిల్లలది కాదు.) మూడింట్లో ఒకే చేలోని మట్టి, ఒకే ఎత్తున నింపాలి. ఒకదాంట్లో మట్టి మీద ఏమీ వేయకుండా వదిలేయండి. రెండోదాని మీద వేరుశనగ పొట్టు పరచండి, మీ వైపు దానికి కొదవ లేదు. మూడోదాంట్లో గరికను వేళ్లతో సహా తవ్వి తెచ్చి నాటించండి, ఓ వారం నీళ్లు పోసి వేళ్లు పట్టనివ్వండి. మూడు సీసాలనూ మూతి కిందికి వాలేలా పుస్తకం ఎత్తు పెట్టి, మూతుల కింద గాజు గ్లాసులు ఉంచండి. మూతకు చిల్లులు పెట్టిన మరో సీసాతో మూడింటికీ ఒకే కొలత నీళ్లు, ఒకే ఎత్తు నుంచి వానలా పోయించండి.

చాలామంది గ్లాసుల్లో నీళ్ల రంగు చూపించి పాఠం ముగించేస్తారు. అసలు పాఠం మర్నాటిది. గ్లాసులను కదపకుండా ఒక రాత్రి ఉంచితే పొద్దున్నే మూడింటి అడుగునా మట్టి పేరుకుని ఉంటుంది. స్కేలు పెట్టి ఎన్ని మిల్లీమీటర్లో కొలిపించి బోర్డు మీద రాయించండి. గరిక సీసా నుంచి నీళ్లు ఆలస్యంగా, తక్కువగా వచ్చిన సంగతి కూడా ఎవరో ఒక పిల్లవాడు గమనిస్తాడు. ఆ నీళ్లు ఏమయ్యాయని వాడినే అడగండి. తర్వాత సీసాల కింద రెండో పుస్తకం పెట్టి వాలు పెంచి చూడవచ్చు.

మూడోదానికి ఖర్చే లేదు, వాన పడాలంతే. గట్టి వాన వెలిసిన సాయంత్రం బడి దగ్గర పునాది మట్టి కుప్ప ఏదైనా ఉంటే పిల్లలను తీసుకెళ్లి మోకాళ్ల మీద కూర్చోబెట్టండి. నిలబడి చూస్తే కనపడదు. ఆ కుప్ప మీద చిటికెన వేలి గోరంత ఎత్తున సన్నటి మట్టి స్తంభాలు నిలబడి ఉంటాయి, ఒక్కోదాని నెత్తిన ఒక చిన్న గులకరాయి. చుట్టూ ఉన్న మట్టిని చినుకులు కొట్టి చిమ్మేశాయి. రాయి అడ్డుపడ్డ చోట మట్టి మిగిలింది. అంటే ఆ స్తంభం ఎత్తు ఎంతో, ఆ ఒక్క వానకు ఆ చోట పోయిన మట్టి మందం కూడా దాదాపు అంతే. అలాగే సున్నం వేసిన బడి గోడ కింది భాగం చూపించండి, ఎర్రమట్టి చుక్కలు మోకాలి ఎత్తు దాకా పడి ఉంటాయి. పారే నీటి కంటే ముందు పడే చినుకే మట్టిని లేపుతుందని ఆ గోడ చెప్పినంత బాగా నేనెప్పుడూ చెప్పలేకపోయాను.

ప్రశ్న: మా బాబు మూడో తరగతి. స్కూల్లో ఇచ్చిన కాగితంలో సుద్దముక్కను వెనిగర్‌లో వేస్తే బుడగలు వచ్చి కరుగుతుందని, రాళ్లు కూడా వానకు ఇలాగే కరుగుతాయని ఉంది. వేశాం. నాలుగు బుడగలు వచ్చి ఊరుకున్నాయి. నీళ్లలో వేసినా అలాగే వచ్చాయి. తన ప్రయోగం పాడైందని వాడు ఏడుస్తున్నాడు.
— ఒక తల్లి, కొండాపూర్, హైదరాబాద్

జవాబు: బాబు ప్రయోగం పాడు కాలేదమ్మా, చాలా బాగా చేశాడు. నీళ్లలో కూడా వేసి పోల్చి చూశాడంటే వాడికి శాస్త్రం పట్టుబడుతోంది. ఆ మాట ముందు వాడికి చెప్పండి.

తప్పు ఆ కాగితంలో ఉంది. అది ప్రకృతిలో దొరికే సుద్దరాయిని దృష్టిలో పెట్టుకుని రాసింది. ఆ రాయి సున్నపురాయి జాతిదే, కాల్షియం కార్బొనేట్. మన బడుల్లో వాడే మామూలు సుద్దముక్కలు ఎక్కువగా జిప్సంతో చేస్తారు, అది కాల్షియం సల్ఫేట్. దానికి వెనిగర్ తగిలినా పొంగదు. మీకు కనిపించిన బుడగలు సుద్దముక్క సందుల్లో ఉన్న గాలి, అందుకే నీళ్లలోనూ వచ్చాయి. కార్బొనేట్‌తో చేసిన సుద్దముక్కలు కూడా బజార్లో ఉంటాయి గానీ, కొన్నది ఏ రకమో పిల్లవాడికి ఎలా తెలుస్తుంది? సుద్దముక్కను నమ్ముకోవద్దు.

కోడిగుడ్డు పెంకు వేయండి. అది కాల్షియం కార్బొనేటే. వెనిగర్‌లో పడగానే ఒంటి నిండా సన్నటి బుడగలు పడతాయి, ఒక రోజు ఉంచితే పెంకు కరిగి లోపలి పలచటి పొర మిగులుతుంది. ఆ తర్వాత నిజమైన రాయి దగ్గరికి వెళ్లండి. తాండూరు బండ, బేతంచెర్ల నాపరాయి, కడప బండ, ఇవన్నీ సున్నపురాళ్లే. బండలు అమ్మే దుకాణంలో విరిగిన చెక్క అడిగితే ఊరికే ఇస్తారు. నున్నటి ముఖం మీద వెనిగర్ వేస్తే చటుక్కున ఏమీ కనిపించకపోవచ్చు. మేకుతో గట్టిగా గీసి, రాలిన తెల్లటి పొడి మీద రెండు చుక్కలు వేయండి. చెవి దగ్గర పెట్టుకుంటే చిటపటలు కూడా వినపడవచ్చు. ఇంట్లో పరిచిన బండ మీద మాత్రం చేయనివ్వకండి, మచ్చ పడుతుంది. వంటింటి గట్టు కడప బండ అయితే నిమ్మచెక్క పెట్టిన చోట పాలిపోయిన మరక మీరే చూసి ఉంటారు. అది కూడా రసాయనిక శైథిల్యమే.

వానకూ వెనిగర్‌కూ సంబంధం ఏమిటని వాడు తప్పకుండా అడుగుతాడు. గాలిలోనూ మట్టిలోనూ ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని వాననీరు చాలా కొద్దిగా ఆమ్లమవుతుంది. వెనిగర్ కంటే ఎంతో బలహీనం, కానీ దానికి తొందర లేదు. నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల దగ్గర బెలూం గుహలు 3 కిలోమీటర్లకు పైగా పొడవున్నాయి. నేల కింద పారిన నీరు సున్నపురాయిని కరిగించుకుంటూ తొలిచిన దారులవి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూవిజ్ఞాని వాటి గురించి రాశారు. సెలవుల్లో తీసుకెళ్లండి. గుడ్డు పెంకు కరగడం కళ్లారా చూసిన పిల్లవాడు ఆ గోడల మీద చెయ్యి పెట్టి చూడాలి. గుహలో ఒక్క ముక్క కూడా విరవకూడదని మాత్రం ముందే చెప్పి తీసుకెళ్లండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో రాయి మీద రాయి పేర్చినట్టున్న గుండ్లను ఎవరు పెట్టారని మా మనవరాలు అడిగింది. నదిలో దొర్లి గుండ్రంగా అయ్యాయని చెప్పాను. నేను చెప్పింది సరైనదేనా?
— ఒక తాతగారు, సికింద్రాబాద్

జవాబు: నది కాదండీ. ఆ గుండ్లు ఎక్కడినుంచీ దొర్లి రాలేదు, ఉన్నచోటే తయారయ్యాయి. ఈ గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. ఒకప్పుడు ఇదంతా నేల కింద అడ్డంగా, నిలువుగా పగుళ్లున్న బండ. ఆ పగుళ్లలోకి నీరు దిగి రాతిలోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజాన్ని మెల్లగా మట్టిగా మార్చింది. చదునైన ముఖానికి నీరు ఒక వైపు నుంచే తగులుతుంది, మూలకు మూడు వైపుల నుంచి తగులుతుంది. అందుకని మూలలు ముందు మెత్తబడ్డాయి, మధ్యలో గట్టి గుండు మిగిలింది. చుట్టూ ఉన్న మెత్తటి మట్టిని తర్వాత వానలు కడిగేశాక, గుండ్లు ఒకదాని మీద ఒకటి బయటపడ్డాయి. ముందు శైథిల్యం, తర్వాత క్రమక్షయం. ఈ వరస ఇంత స్పష్టంగా కనిపించే ఊరు హైదరాబాద్ లాంటిది మరొకటి నాకు తెలియదు.

మనవరాలికి చూపడానికి బెల్లం ముక్కను పాచికలా మూలలు తేలేలా కోసి, వెడల్పాటి గిన్నెలో కదపకుండా నీళ్లలో ఉంచండి. ఎవరూ రుద్దకుండానే, ఎక్కడికీ దొర్లకుండానే మూలలు గుండ్రబడతాయి. మరి కరిగిపోయిన గ్రానైట్ ఏదీ అని అడిగితే రోడ్డు పనికి పోసిన మొరం కుప్ప దగ్గరికి తీసుకెళ్లండి. గుప్పెడు మొరం తెల్లకాగితం మీద పోసి భూతద్దంతో చూడనివ్వండి. గాజులా మెరిసే గింజలు క్వార్ట్జ్. వేలితో నలిపితే పొడి అయ్యే గులాబీ, తెలుపు గింజలు ఫెల్డ్‌స్పార్, సగం మట్టైపోయినవి. తళుక్కుమనే రేకులు అభ్రకం. బండలో ఉన్నవన్నీ ఇందులో ఉన్నాయి, విడివిడిగా. హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలో పుట్టగొడుగు ఆకారంలో ఉన్న బండ ఒకటుంది, వీలైతే అదీ చూపించండి. ఇలాంటి బండలను పేల్చి చదును చేసి ఇళ్లు కడుతున్న ఊరు మనది. పోయిన గుండును మళ్లీ పేర్చడం ఎవరివల్లా కాదు. చూడదగ్గవి ఉండగానే చూపించండి.

ప్రశ్న: సీసాలో నీళ్లు గడ్డకట్టించి పగలగొట్టే ప్రయోగం మా పిల్లలకు చేయించవచ్చా?
— ఒక తండ్రి, డల్లాస్, అమెరికా

జవాబు: చేయించండి. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది, రాతి పగుళ్లను విప్పేది ఆ బలమే. గాజు సీసా వద్దు, ప్లాస్టిక్‌ది వాడండి. చలికాలంలో గడ్డకట్టి కరిగే ప్రాంతంలో ఉన్న పిల్లలకు అది సరైన పాఠం. మన దగ్గర ఆ పని ఎండ, వాన, ఉప్పు, వేళ్లు చేస్తాయి. సెలవులకు ఊరొచ్చినప్పుడు పాత గోడను చీల్చుకుని పెరిగిన రావిమొక్కను చూపించండి.

ప్రశ్న: నేను రైతును. మా పాప సీసాలలో మట్టి, గడ్డి పెట్టి నీళ్లు పోస్తూ కూర్చుంటోంది. ఇది ఆటా, చదువా? దీనివల్ల మార్కులేమైనా వస్తాయా?
— ఒక తండ్రి, కళ్యాణదుర్గం

జవాబు: నాయనా, పాప చేస్తున్నది మీ చేను లెక్క. ఆ లెక్క మీరిద్దరూ కూర్చుని చేయండి. ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. అందులో ఒక్క మిల్లీమీటరు మందం మట్టి కొట్టుకుపోతే 4 ఘనపు మీటర్లు, అంటే 140 ఘనపుటడుగులకు పైగా. ట్రాక్టర్ ట్రక్కులో 100 ఘనపుటడుగులు పడతాయనుకుంటే దాదాపు ఒకటిన్నర ట్రాక్టర్ల పైమట్టి. చెరువు మట్టి తోలించడానికి ట్రాక్టర్‌కు ఎంత ఇస్తున్నారో మీకు తెలుసు. పైగా పోయేది మామూలు మట్టి కాదు, మీరు వేసిన ఎరువు, పెంట అంతా ఉన్న పైపొర.

పోయింది ఎటు పోయిందో కూడా పాపకు చెప్పండి. 1953లో పూర్తయిన తుంగభద్ర డ్యాంకు మొదట 133 టీఎంసీల నీరు పట్టేది. ఎగువ నుంచి వచ్చిన పూడిక పేరుకుని ఇప్పుడు సుమారు 105 టీఎంసీలకు తగ్గింది. ఆ పూడికంతా ఎవరో ఒకరి చేల నుంచి, కొండల నుంచి వచ్చిందే. వంకలో ఎర్రగా పారే నీళ్లను చూసి వాన బాగా పడిందని మనం సంతోషిస్తాం. ఆ ఎరుపు మన పొలానిది.

ఈసారి దుక్కి అప్పుడు పాపను పొలానికి తీసుకెళ్లండి. ఒక ట్రేలో మట్టి వేసి వాలు వెంట వేలితో సాళ్లు గీయమనండి, ఇంకోదాంట్లో వాలుకు అడ్డంగా గీయమనండి. రెండింటి మీదా చెంబుడు నీళ్లు పోయమనండి. ఆ తర్వాత మీ చేలో సాళ్లు ఎటున్నాయో తనే చూస్తుంది. మార్కుల సంగతి టీచర్లు చూసుకుంటారు. పాపను ఆడుకోనివ్వండి.

ప్రశ్న: మా బడి పిల్లల్లో కొందరి ఇళ్లు సముద్రపు కోతలో పోయాయి. తీరం కోత గురించి పాఠం చెప్పాల్సి వచ్చినప్పుడు నాకు గొంతు పెగలదు. ట్రేలో ఇసుక పోసి, బొమ్మ ఇళ్లు పెట్టి, అలలు కొట్టించే ప్రయోగం చేయించమని శిక్షణలో చెప్పారు.
— ఒక ఉపాధ్యాయుడు, ఉప్పాడ

జవాబు: మాస్టారూ, బొమ్మ ఇళ్లు పెట్టకండి. నిజంగా ఇల్లు పోయిన బిడ్డ ముందు బొమ్మ ఇల్లు కూల్చి చూపించకూడదు. ఆ శిక్షణ కాగితం రాసినవాళ్లు మీ తరగతి గదిని చూడలేదు.

ఇసుక ప్రయాణంతో మొదలుపెట్టండి. గోదావరి నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచి, దారి పొడుగునా కొండలు అరిగిన ఇసుకను, ఒండ్రును మోసుకొచ్చి సముద్రంలో పోస్తుంది. అక్కడ అలలు అందుకుని ఏడాది మొత్తం మీద ఎక్కువ భాగాన్ని ఒడ్డు వెంట ఉత్తరం వైపు నడిపిస్తాయి. కాకినాడ ముందున్న హోప్ ఐలాండ్ అలా చేరిన ఇసుకే, సుమారు 16 కిలోమీటర్ల పొడవు. మీ పిల్లలకు అది పడవల్లో చూసిన చోటే. నది మీద ఆనకట్టలు, డ్యాంలు వచ్చాక ఇసుక కొంత వాటి వెనకే ఆగిపోతోంది. ఒక తీరానికి వచ్చే ఇసుక కన్నా పోయే ఇసుక ఎక్కువైతే అక్కడ కోత పడుతుంది. పిల్లలు ఇది బాగా వినాలి, ఎందుకంటే తమ ఊరు ఏదో తప్పు చేసిందని, సముద్రానికి కోపం వచ్చిందని లోపల అనుకునే పిల్లలుంటారు. వాళ్ల ఊరు ఏ తప్పూ చేయలేదు.

తర్వాత ట్రే తీయండి. ఒక వైపు ఇసుక వాలుగా పోసి, రెండో వైపు నీళ్లు పోసి, చెక్కపలకతో నిదానంగా అల లేపించండి. ఇసుక అడుగు నుంచి ఎలా జారుతుందో చూశాక, ఒడ్డు మధ్య భాగంలో మాత్రమే చిన్న రాళ్లు వరసగా పేర్చి మళ్లీ అలలు లేపించండి. రాళ్ల వెనక ఇసుక కొంతసేపు నిలుస్తుంది. రాళ్ల వరస ఆగిపోయిన అంచు దగ్గర చూడమనండి, అక్కడ కోత ఇంకా లోపలికి పోతుంది. ఉప్పాడ రోడ్డు పొడుగునా వేసిన రాళ్లను రోజూ చూసే పిల్లలకు ఇది వెంటనే తెలిసిపోతుంది. ఎక్కడ రాయి వేయాలి, ఎక్కడ వేస్తే పక్కవాడికి నష్టం అని వాళ్లే వాదించుకుంటారు. వాదించుకోనివ్వండి. చూస్తూ ఊరుకోవడం తప్ప చేయగలిగిందేమీ లేదన్న భావన నుంచి పిల్లలు బయటపడేది అప్పుడే.

ఇక ఏడాది పొడుగునా చేయించాల్సిన పని ఒకటుంది. కోతకు దూరంగా ఉన్న కరెంటు స్తంభాన్నో గుడి గోడనో గుర్తు పెట్టుకుని, అక్కడి నుంచి ఒడ్డు అంచు దాకా టేపుతో కొలిపించండి. నీటి అంచు కొలవకండి, పోటుకూ పాటుకూ అది మారుతూనే ఉంటుంది. గట్టు తెగిన అంచునే కొలవాలి. ప్రతి అమావాస్య తర్వాత ఒకసారి చాలు, పోటు తగ్గి పాటు ఉన్న వేళ, ఇద్దరు పెద్దలు తోడుండగా. అంచు కింద గుల్లబడి ఉంటుంది కాబట్టి పిల్లలెవరూ అంచు మీద నిలబడకూడదు, టేపు ఆ చివర మీరే పట్టుకోండి. అల్పపీడనం ఉన్న రోజుల్లో అసలు వెళ్లొద్దు. తేదీ, కొలత, గాలి ఎటు వీస్తోంది, ఈ మూడూ గోడ మీద చార్టులో పిల్లల చేతనే రాయించండి. వేటకు వెళ్లే వాళ్ల తండ్రులను పిలిచి ఆ చార్టు చూపించి, తుపాను నెలల్లో కొలత ఎందుకు మారిందో వాళ్లనే అడగమనండి. మొదటి ఆరు నెలల కొలతలు వచ్చాక నాకు పంపించండి, ఈ శీర్షికలో వేస్తాను.